నడిమింటి పరద

చిట్టీ,

మేం మంచిగనే ఉన్నం. మోకాళ్ల నూనె అయిపోయిందని మీ అమ్మ పొద్దంత సణుగుతున్నది. చిన్నత్త మీ కొత్త ఫ్లాటు చూసొచ్చింది. గోడలన్ని తెలుపు, సోఫా బూడిద రంగు, దవాఖానకు పోయినట్టే ఉన్నదన్నది. ఆమె మాట వదిలెయ్, ఆమెకు ఏది నచ్చింది గనుక. హాల్ల పెండ్లి ఫొటో లేదంట గదా. ఇంకా సామాను విప్పలేదేమో అనుకున్నం.

ఇంటీరియరాయన “మీ స్టైల్ ఏంది మేడం” అంటే నీకేం తోచలేదంట. ఫోన్ల ఎవరిదో ఇల్లు చూపెట్టి గట్లనే చెయ్యమన్నవంట. తోచకపోవుడేంది బిడ్డా? మనూరి నేత తేలియా రుమాలుకు మూడే రంగులు, ఎరుపు, నలుపు, తెలుపు. నూనెల, ఆముదపు కాయల బూడిద నీళ్లల్ల నూలును దినాలకొద్ది నానబెట్టి, పిసికి, ఎండేసుడు నువ్వు చూడలేదా? 2020ల జీఐ గుర్తింపు, ఈ ఊరి సరుకేనని సర్కారిచ్చే ముద్ర, వచ్చింది మన పుట్టపాకల ఆ మూడు రంగుల రుమాలుకే. (జిల్లా మారి భువనగిరి కిందికి పోయినా, అడ్రసుల నేనింకా నల్లగొండనే రాస్త.)

పరుల రంగు పట్టుకొని నేనూ దెబ్బతిన్న. నువ్వు ఆరో తరగతి. గులాబీ మీద చిలకపచ్చ, పట్నంల ఇదే నడుస్తున్నదని సేటు ఒక ఫొటో ఇచ్చిండు. నూలును వరుసగ చుట్టి ఆసు పోసింది మీ అమ్మ, రంగు అంటొద్దన్న కాడల్ల సైకిల్ ట్యూబు ముక్కలతోటి బిగించి చిటికి కట్టింది నేను. మనసు పని మీద లేదు, ఫొటో మీద ఉన్నది. ఒక కాడ చిటికి వదులైంది, పచ్చ పోయి గులాబీల పాకింది. నేసినంక చూస్తే అంచు పక్కన జానెడు బురద రంగు. సేటు వద్దన్నడు. కూలి పాయె, నూలు బాకీ మిగిలె. మీ నాయినమ్మ ఒక్క మాట అనకుంట దాన్ని నడిమింటి దర్వాజకు పరద కట్టింది. నువ్వు దానెనక కూసోని లెక్కలు చేసుకునేదానివి, ఆ మరక మీద వేలు రాసుకుంట. అమీర్‌పేట హాస్టలుకు పోంగ ఎవ్వల్నడుగకుంట మడతబెట్టి పెట్టెల ఏసుకున్నవు. ఆడ కిటికీకి అదే. కూకట్‌పల్లి రూముల మంచం మీద అదే. పెండ్లయినంక మొదటి కిరాయి ఇంట్ల అల్లుడే స్టూలెక్కి కట్టిండు, నేను కింద పట్టుకున్న.

నీ స్టైల్ కోసం ఫోన్ల దేవులాడుడెందుకు? మూడిండ్లు మారినా ఏది మోసుకపోయినవో అది చూడు. బీరువ తెరిచి ఏ చీరల మడతలు అరిగినయో చూడు. తెలుపు వద్దనను, మనింటికీ సున్నమే గదా, కానీ కింద జానెడు జాజు పట్టీ ఉండేది. అన్ని గోడలూ ఒక్కసారే కొనుక్కోకు. ముందు ఒక మూల సర్దుకో, నెలరోజులు ఆ మూలకు కూసో. ఈఎంఐలు చూసుకో. మళ్ల లెక్చర్ అంటవు, సరే.

చిన్నత్తకు ఆ పరద యాడ కనపడలే. ఫొటో కనపడలే. అల్లుడి చెప్పులు గుమ్మం కాడ లేవని కూడ అన్నది, ఆమెవన్ని దిక్కుమాలిన చూపులు. డ్యూటీ మీదనే పోయిండు గదా? బతుకమ్మకు రాకుంటే పనున్నదన్నవు. నువ్వు ఫోన్ చెయ్యక ఇయ్యాలటికి ఇరవై రెండు దినాలు. మీ అమ్మ లెక్కబెడ్తున్నది, నేను కాదు.

ఆదివారం చౌటుప్పల్ల మొదటి బస్సెక్కుత. సుత్తె, నాలుగు మేకులు తెస్తున్న. ఆ గోడకు మేకు దిగదు, డ్రిల్లు కావాలంటవు, దిగినకాడికి దిగుతది. సజ్జరొట్టెలు, ఎల్లిపాయ కారం మీ అమ్మ కడుతది, పొద్దున ఏం వండకు. ఫొటో ఏ పెట్టెల ఉన్నదో తీసిపెట్టు. తియ్యబుద్ధి కాకుంటే ఉండనియ్, పరద కట్టుకుందాం. స్టూలు నేనెక్కుత.

మీ నాయిన