పళ్ళెంలో మిగిలిన సగం సంగటి

కర్నూలు

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అందింది. శ్రావణి సైకాలజీ డిగ్రీ అయ్యాక న్యూరోసైకాలజీ చదువుతానని పట్టుబట్టిందనీ, చెల్లెమ్మ మాత్రం "పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా, రేపు సంబంధాలు ఎవరు తెస్తారు" అని ముఖం ముడుచుకుని కూర్చుందనీ రాశావు. "మీ మామ విషయంలో నువ్వు ఆ డాక్టర్ల చుట్టూ తిరిగినవాడివి కదా, అదసలు ఏం చదువో రెండు ముక్కల్లో చెప్పు" అన్నావు. రెండు ముక్కల్లో చెప్పే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ లేదని తెలిసి కూడా అడిగావు కాబట్టి ఇక ఓపిక పట్టు.

ముందు చెల్లెమ్మ భయం తీర్చేద్దాం. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందా, గడ్డ ఉందా, ఫిట్స్ ఎందుకొస్తున్నాయి అని చూసేది న్యూరాలజిస్టు. మనసు కుదురుగా లేనివారికి మందులిచ్చేది సైకియాట్రిస్టు. మెదడులో ఫలానా చోట దెబ్బ తగిలింది సరే, దానివల్ల ఈ మనిషికి ఏ పని చేతకాకుండా పోయింది, ఏది ఇంకా మిగిలి ఉంది అని తేల్చేది న్యూరోసైకాలజిస్టు. వీళ్ళు మందులు రాయరు, కత్తి పట్టరు. పెన్సిలు, కాగితాలు, ఒక స్టాప్‌వాచీ, బోలెడంత ఓర్పు, అంతే సరంజామా.

ఇక మామ సంగతి. ఆదోని మార్కెట్‌లో పత్తి కమీషన్ వ్యాపారం చేసిన మనిషి ఎంత కచ్చితంగా ఉండేవాడో నీకు తెలుసు. మెదడులో కుడివైపు రక్తం అందక ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రి వాళ్ళు ప్రాణం నిలబెట్టారు, అది చిన్న విషయం కాదు. ఇంటికి పంపేటప్పుడు బీపీ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, ఉప్పు ఎంత తగ్గించాలో, కాలికి ఏ వ్యాయామం చేయించాలో అన్నీ చెప్పారు. అసలు మా ఇంటిని అతలాకుతలం చేయబోయేదాన్ని గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

అత్త పళ్ళెం మధ్యలో రాగి సంగటి ముద్ద పెట్టి, కుడిపక్క గోంగూర, ఎడమపక్క వేరుశెనగ చట్నీ వేసేది. ఆయన గోంగూర అంతా ఊడ్చేసి, ముద్దలో కుడి సగం తిని, "చట్నీ చెయ్యలేదా ఈరోజు?" అని అడిగేవాడు. కళ్ళముందే ఉంది కదా అంటే చిరాకు పడేవాడు. గడ్డం గీసుకుంటే కుడి చెంప నున్నగా ఉండేది, ఎడమ చెంప మీద నురగ అలాగే ఆరిపోయేది. చక్రాల కుర్చీ ప్రతిసారీ ఎడమవైపు ద్వారబంధానికే గుద్దుకునేది. పక్కింటివాళ్ళు చూపు మందగించిందన్నారు. అద్దాలు మార్పించాం, డబ్బు దండగ. అత్త అయితే "మొదటినుంచీ నా వంటంటే చులకనే, ఇప్పుడు ఒంట్లో బాగోలేదన్న సాకు దొరికింది" అని తేల్చేసింది.

ఒకరోజు ఆమెకు విసుగొచ్చి పళ్ళేన్ని గిర్రున తిప్పేసింది. ఎడమవైపు మిగిలిన సగం ముద్ద, చట్నీ కుడివైపుకు వచ్చాయి. మామ ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడు చేశావా? వేడిగా ఉన్నప్పుడే తెస్తే ఏం పోయింది?" అన్నాడు.

ఇంకో వింత ఉంది. ఎడమ చెయ్యి ఎత్తమంటే కదిలేది కాదు, ఆయన మాత్రం "ఎత్తాను కదా, కనబడటం లేదా?" అనేవాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. తన జబ్బు తనకు తెలియకపోవడమే ఆ జబ్బులో ఒక భాగమని మాకెలా తెలుస్తుంది? పారిస్‌లో బబిన్స్కీ అనే న్యూరాలజిస్టు 1914లోనే దీన్ని గుర్తించి దానికొక పేరు పెట్టాడట.

మెదడు, మనసు జబ్బులు చూసే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తెలుగు, కన్నడం రెండూ వచ్చిన ఒక న్యూరోసైకాలజిస్టు అమ్మాయి మామను కూర్చోబెట్టుకుని పరీక్షలు చేసింది. మన శ్రావణి కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. కాగితం మీద ఒక పొడుగాటి గీత గీసి, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంది. పత్తి బస్తా ఎత్తి చూసి తూకం చెప్పే మనిషి, గుర్తును కుడి చివరకు దగ్గరగా పెట్టాడు. గడియారం బొమ్మ వెయ్యమంటే పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే ఇరికించేశాడు. "పత్తికొండ" అని రాసి చూపిస్తే "కొండ" అని చదివాడు. పేపర్లో "పత్తి ధర పెరిగింది" అన్న శీర్షిక చూపిస్తే "ధర పెరిగింది" అని చదివి, "దేని ధరో రాయకుండా పేపర్ వేస్తారా?" అని ఆ అమ్మాయి మీదే కోప్పడ్డాడు. ఆమె నవ్వు ఆపుకుని రాసుకుంది. తెలుగు ఎడమనుంచి కుడికి నడుస్తుంది కాబట్టి ఆయనకు వాక్యం మొదలు పోయింది, ఉర్దూ చదివే మనిషికైతే చివర పోయేదట.

చూపు బాగానే ఉంది, తెలివీ బాగానే ఉంది. అంకెలు వెనకనుంచి చెప్పమంటే నాకన్నా చురుగ్గా చెప్పాడు. పోయిందల్లా ఎడమవైపు అనేది ఒకటుందన్న ఎరుక. మెదడు కుడి సగం రెండు పక్కలనూ కనిపెట్టుకుని ఉంటుందనీ, ఎడమ సగం మాత్రం ఎక్కువగా కుడిపక్కనే చూసుకుంటుందనీ, అందుకే కుడి సగం దెబ్బతింటే ఎడమపక్కకు కాపలా లేకుండా పోతుందనీ ఆమె వివరించింది. తర్వాత అత్తవైపు తిరిగి, "అమ్మా, ఆయన కావాలని చేయడం లేదు" అంది. అత్త కాసేపు ఆలోచించి, "సరే తల్లీ, పెళ్ళయినప్పటినుంచీ నా వంటకు వంకలు పెట్టాడే, అది ఏ పక్క జబ్బు?" అని అడిగింది. మామకు తప్ప అందరికీ నవ్వొచ్చింది.

నాకు అక్కడినుంచి ఈ విషయం పిచ్చి పట్టింది. దొరికిందల్లా చదివాను. 1978లో ఇటలీలో బిసియాక్, లుజ్జాటి అని ఇద్దరు ఒక గమ్మత్తు చేశారు. మామకున్నలాంటి ఇబ్బందే ఉన్న మిలాన్ ఊరివాళ్ళను, తమ ఊరి పెద్ద చర్చి ముందున్న చౌకులో చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకుని చుట్టూ ఉన్న భవనాలు చెప్పమన్నారు. వాళ్ళు కుడిపక్కవే చెప్పారు. ఇప్పుడు చర్చి మెట్ల మీద నిలబడి ఇటువైపు చూస్తున్నట్టు ఊహించుకోమంటే, ఇందాక వదిలేసినవన్నీ గడగడా చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. ఊహలో కూడా ఎడమపక్క లేదన్నమాట! నేను ఊరుకుంటానా? మామను తన దుకాణం ఉన్న వీధి మొదట్లో నిలబడ్డట్టు అనుకుని వరసగా దుకాణాలు చెప్పమన్నాను. ఒక వరసే చెప్పాడు. అందులో తన దుకాణం లేదు! వీధి చివరనుంచి వెనక్కి వస్తున్నట్టు అనుకోమంటే, మొదట తన దుకాణమే చెప్పి, ఆ వరసలో ఎవరు ఎంత బాకీ ఉన్నారో కూడా చెప్పాడు.

స్కాన్ తీయించినప్పుడు మేము వేలకు వేలు కట్టాం. కట్టాల్సిందే, కాదనను. ఆ ఫిల్ములో దెబ్బ ఎక్కడ తగిలిందో తెల్లగా కనిపించింది. కానీ చట్నీ ఏ పక్క పెట్టాలో ఆ ఫిల్ము చెప్పలేదు. అది చెప్పింది ఆ అమ్మాయి పెన్సిలే. మన దగ్గర యంత్రానికున్న మర్యాద ఎదురుగా కూర్చుని రెండు గంటలు మాట్లాడే మనిషికి లేదు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈ శాస్త్రం మీద ఏ పుస్తకం తెరిచినా ఫినియాస్ గేజ్ కథ ఉంటుంది. 1848లో అమెరికాలో రైలుమార్గం కోసం రాళ్ళు పేల్చే మేస్త్రీ. మందు కూరుతుండగా పేలి, మీటరుకు పైగా పొడుగు, ఆరు కిలోల బరువున్న ఇనుప కడ్డీ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికొచ్చింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటి దురుసు మనిషయ్యాడు, వీడు మన గేజ్ కాదన్నారు స్నేహితులు. మెదడు ముందుభాగానికీ నడవడికకూ సంబంధం ఉందని జనానికి అర్థమైంది అతని వల్లే. అయితే ఆ తర్వాత గేజ్ చిలీ దేశం వెళ్ళి ఏళ్ళ తరబడి గుర్రపు బండ్లు నడిపాడన్న సంగతి చాలా పుస్తకాలు మింగేస్తాయి. ఆ పనికి ఎంత నిబ్బరం కావాలి! అంటే అతను చాలావరకు కోలుకున్నట్టే కదా. మన హైవే మీద హెల్మెట్ లేకుండా బైకు మీదనుంచి పడి, కట్లు విప్పాక బాగానే తిరుగుతున్న కుర్రవాళ్ళను చూస్తుంటే నాకు గేజే గుర్తొస్తాడు. అలాంటి కుర్రవాడు ఇంట్లో వస్తువులు విసిరేస్తాడు, డబ్బు లెక్క లేకుండా తగలేస్తాడు, సావాసాలు చెడగొట్టాయంటారు పెద్దవాళ్ళు. ఎంతమంది పరీక్ష చేయిస్తున్నారు చెప్పు?

నాకు గేజ్ కన్నా లూరియా ఇష్టం. రెండో ప్రపంచయుద్ధంలో తలకు దెబ్బలు తగిలిన సోవియట్ సైనికులతో పనిచేసిన న్యూరోసైకాలజిస్టు. ఆయన దగ్గరికి జసెట్‌స్కీ అనే కుర్రవాడు వచ్చాడు, 1943లో మెదడు ఎడమపక్క తూటా తగిలింది. అక్షరాలను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుని రాయబోతే రావు, ఆలోచించకుండా చేతిని వదిలేస్తే వస్తాయి! అది కనిపెట్టాక అలాగే పాతికేళ్ళపాటు దాదాపు మూడు వేల పేజీలు తన కథ రాశాడు, రాసింది తాను చదువుకోవడమే గగనమైనా సరే. పోయినదాని చుట్టూ తిరిగి మిగిలినదాన్ని వెతికి పట్టుకోవడం ఈ వృత్తికి నేర్పినవాడు లూరియానే అని నా అభిప్రాయం.

హెన్రీ మొలైసన్ సంగతీ అలాంటిదే. ఫిట్స్ తగ్గడానికి 1953లో మెదడులో రెండు పక్కలా కొంత భాగం తీసేస్తే, ఆ తర్వాత జరిగినవేవీ అతనికి గుర్తు నిలవకుండా పోయాయి. ఏళ్ళ తరబడి అతన్ని పరీక్షించిన న్యూరోసైకాలజిస్టు బ్రెండా మిల్నర్‌ను ప్రతిసారీ కొత్తగానే పలకరించేవాడు. ఆమె అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకూ చెయ్యి తిరిగింది, అంతకుముందు గీసిన గుర్తు మాత్రం రవ్వంత కూడా లేదు. అంటే సంగతులు గుర్తుపెట్టుకోవడం వేరు, చేతికి పని అలవాటు కావడం వేరు. ఇప్పుడు ఫిట్స్‌కు ఆపరేషన్ చేసేముందు జ్ఞాపకానికీ మాటకూ ఎంత ముప్పు ఉందో లెక్క తేల్చేది ఈ న్యూరోసైకాలజిస్టులే.

శ్రావణికి ఒక మాట చెప్పు. ఈ పరీక్షల్లో చాలావాటిని తయారు చేసింది బడి చదువు చదివిన ఇంగ్లీషు వాళ్ళ కోసం. పెన్సిలు పట్టని మన రైతుకు గడియారం బొమ్మ వెయ్యడం రాకపోతే అది జబ్బెలా అవుతుంది? మనవాళ్ళ వయసు, చదువులను బట్టి కొలతలు కట్టి నిమ్‌హాన్స్ వాళ్ళు 2004లో సొంత పరీక్షల సంపుటి తెచ్చారు. చెయ్యాల్సింది ఇంకా చాలా ఉంది. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు అని అడిగితే మామ సగం తెలుగులో, సగం కన్నడంలో చెప్పాడు. ఆ అమ్మాయికి రెండూ వచ్చు కాబట్టి అన్నీ లెక్కలోకి వచ్చాయి, రాకపోతే సగానికి సున్నా చుట్టేది.

మూడు భాషల మధ్య బతికే మన జిల్లాకు మంచి కబురు కూడా ఉంది. సువర్ణ అల్లాడి అనే న్యూరాలజిస్టు, ఆమె బృందం హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు భాషలు వచ్చినవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా బయటపడింది. అక్షరం ముక్క రానివారిలోనూ ఆ తేడా కనిపించింది, అదీ నాకు నచ్చింది. వేరే దేశాల్లో కొన్ని అధ్యయనాలకు ఈ తేడా దొరకలేదు కాబట్టి మీ అబ్బాయిని ఉర్దూ ట్యూషన్‌కు పంపేయకు.

మామకు ఇప్పుడు చాలా నయం. పేపరు ఎడమ అంచున అత్త ఎర్ర రిబ్బను అంటిస్తుంది. ఆ ఎరుపు కనబడేదాకా కళ్ళు తిప్పి, అక్కడినుంచి చదవడం మొదలుపెట్టాలి. మొదట్లో ప్రతి వాక్యానికీ "ఎర్రది చూశారా?" అని అరిచేది, ఇప్పుడు ఆయన తనంతట తానే వెతుక్కుంటాడు. పళ్ళేనికి కూడా అదే పద్ధతి. అలసిపోయిన రోజున మాత్రం మళ్ళీ చట్నీ మాయం.

చెల్లెమ్మకు నా మాటగా చెప్పు, ఆ అమ్మాయి ఉద్యోగం చూశాక మా అత్త తన మనవరాలిని కూడా అందులోనే చేర్పిస్తానంటోంది. పేషెంటు దగ్గర గంటలకొద్దీ కూర్చోవాలి, రిపోర్టులు రాయాలి, మన జిల్లాల్లో ఉద్యోగాలు తక్కువ కాబట్టి కొన్నాళ్ళు బయటి ఊళ్ళో ఉండాలి. ఇవన్నీ తెలిసి కూడా కావాలంటే పంపు. సంక్రాంతి సెలవులకు శ్రావణిని ఇక్కడికి రమ్మను, ఏ పరీక్షలూ వద్దు, మామతో ఒక పూట కబుర్లు చెప్పి వెళ్ళమను. వచ్చినప్పుడు ఆయనకు కుడిపక్కనే కూర్చోమను, లేకపోతే ఎదురుచూసి ఎదురుచూసి "రమణ కూతురు ఇంకా రాలేదేమి?" అని సాయంత్రం దాకా నన్ను తిడతాడు.

నీ
శేఖర్