క్యాసెట్ కాగితంతో యూట్యూబ్ హక్కులా?

సంపాదకులకు నమస్కారం.

డబ్బు తీసుకుని సంతకం పెట్టిన రచయితలు, స్వరకర్తలు ఇప్పుడు యూట్యూబ్‌లో పాట నడుస్తోందని మళ్లీ వాటా అడగడం సబబు కాదని గతవారం ఈ శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. అలా సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ణి.

1997లో దీక్షలు మొదలయ్యే ముందు ఎనిమిది అయ్యప్ప పాటలు రాసి, బాణీ కట్టి ఒక ఆడియో కంపెనీకి ఇచ్చాను. నాలుగు వేలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నారు. నకలు నా దగ్గరే ఉంది. అందులో ఆడియో క్యాసెట్టు, గ్రామఫోను రికార్డు అని ఉంది. కింద ‘సర్వహక్కులూ కంపెనీవే’ అని ఉంది. ఎన్నేళ్లకో లేదు, ఏ దేశానికో లేదు. ఇంటర్నెట్ మాట అసలే లేదు. ఇప్పుడు కార్తీకం వస్తే చాలు, ఆ పాటలు ఇక్కడి సన్నిధానాల మైకుల్లోనే కాదు, అమెరికాలో మనవాళ్ల పడిపూజల్లోనూ మోగుతున్నాయి. యూట్యూబ్ ప్రకటనల డబ్బు కంపెనీకి పోతోంది. లెక్క చూపించమని ఉత్తరం రాస్తే, అన్నీ ఇచ్చేశారు కదా అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు.

చట్టం అలా అనలేదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇది 1995 మే నుంచి అమల్లో ఉంది. 2012 సవరణ మరో మాట చేర్చింది: ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాసుంటే తప్ప, ఆ ఒప్పందం వర్తించదు. సినిమాకు చెందని పాటల రికార్డింగుల మీద వచ్చే రాయల్టీలోనూ రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉందని కూడా అదే సవరణ చెప్పింది. పాత కాగితాలకు 2012 సవరణ పనికిరాదని కంపెనీల వాదన. అది కోర్టులు తేల్చాలి. ఐదేళ్ల నిబంధన మాత్రం నా సంతకం కంటే ముందుదే. రికార్డింగుకు ఖర్చు పెట్టింది కంపెనీ, అది వాళ్లది, కాదనను. అందులోని సాహిత్యం, బాణీ వేరే హక్కులు.

అమెరికాలోనూ ఈ పేచీ నడిచింది. అమెరికన్ ర్యాప్ గాయకుడు ఎమినెమ్‌తో తొలి ఒప్పందం చేసుకున్న ఎఫ్‌బీటీ ప్రొడక్షన్స్, ఆఫ్టర్‌మాత్ రికార్డు కంపెనీ మీద దావా వేసింది. ఒప్పందంలో అమ్మిన రికార్డులకు 12 నుంచి 20 శాతం వాటా, లైసెన్సుకిచ్చిన మాస్టర్లకు, అంటే అసలు రికార్డింగులకు, సగం. మరి ఆపిల్ కంపెనీ వాళ్ల ఐట్యూన్స్‌లో పాట డౌన్‌లోడ్ అయితే అది అమ్మకమా, లైసెన్సా? 2009లో జ్యూరీ కంపెనీ వైపు మొగ్గింది. 2010లో అప్పీళ్ల కోర్టు దాన్ని తోసిపుచ్చి, రికార్డింగుల మీద యాజమాన్య హక్కును కంపెనీ తన దగ్గరే ఉంచుకుని ఆపిల్‌కు వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చింది కాబట్టి అది లైసెన్సేనంది. వాళ్లూ సంతకం పెట్టి, డబ్బు తీసుకున్నవాళ్లే. అడిగే హక్కు లేదని కోర్టు అనలేదు.

వాళ్లకు లాయర్లున్నారు. మా సంగతి అది కాదు. కాపీరైట్ తగాదాలు వినే మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డును 2021లో రద్దు చేశాక కోర్టు తప్ప దారి లేదు. నాలుగు వేలు తీసుకున్న మనిషి ఆ ఫీజులు ఎక్కడ తెస్తాడు? ఆ పాటల్లో కోరస్ పాడినవాళ్లు, తబలా వాయించినవాళ్లు మరీ దిక్కులేనివాళ్లు.

భక్తి పాటలు, జానపదాలు, బుర్రకథలు క్యాసెట్లకిచ్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. చాలామందికి ఇంగ్లీషు చట్టం చదవడం రాదు. 18, 19 సెక్షన్లను, కళాకారుల హక్కుల 38ఎ సెక్షన్‌ను మీ న్యాయ సలహా పేజీలో తేట తెలుగులో వేయండి. పెట్టెల్లో ఉన్న కాగితాలు తీసి వాటితో పోల్చి చూసుకుంటాం.

— ఒక పాటల రచయిత, తెనాలి