షుగర్ మిషన్‌కి తెలుగు రాదా?

సంపాదకుడు గారికి,

మా అమ్మకు 74 ఏళ్లు. తణుకు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. షుగర్ ఇంట్లోనే చూసుకుంటుంది. మొన్న జ్వరం వచ్చిన మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఏరా, ఈ మిషను కూడా మర్యాద నేర్చిందిరా. అంకె వెయ్యకుండా నాకు హాయ్ చెప్తోంది" అని నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. తెర మీద ఉన్నవి హెచ్, ఐ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు. అంటే 'హై'. చాలా మీటర్లలో షుగర్ 600 దాటితే అంకె రాదు, ఇదే వస్తుంది. మరీ పడిపోతే ఎల్, ఓ అని, అంటే 'లో' అని వస్తుంది. పక్కింటి కుర్రాడు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లబట్టి గండం గడిచింది.

అమ్మ చదువురాని మనిషేం కాదు. రోజూ పేపరు ఆఖరి పేజీ దాకా చదువుతుంది. ఆ మిషన్ చేసినవాళ్లకే ఇలాంటి మనిషి వాడుతుందన్న ఆలోచన లేదు. నేను కొనిచ్చిన స్మార్ట్ వాచీ సంగతీ అంతే. యాప్ పెట్టాలి, బ్లూటూత్ కలపాలి, ఓటీపీ కొట్టాలి. ఆ ఓటీపీ వచ్చేదేమో హైదరాబాద్‌లో ఉన్న నా ఫోన్‌కి! పెద్దవాళ్ల వేళ్లు పొడిబారి ఉంటే టచ్ సరిగా పట్టదు, గట్టిగా నొక్కి పట్టుకుంటే ఇంకేదో తెరుచుకుంటుంది. దాని బీప్ మరీ సన్నం. వయసు మీదపడ్డాక చెవికి ముందు దూరమయ్యేది అలాంటి కీచు శబ్దమే. వాచీ ఇప్పుడు బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది.

అదే ఊళ్లో కిరాణా కొట్టు మీది డబ్బా మాత్రం ఫోన్‌పే కొట్టగానే ఎన్ని రూపాయలు వచ్చాయో వీధంతా వినపడేలా తెలుగులో చెబుతుంది. పది రూపాయల చాక్లెట్ లెక్కకు ఉన్న గొంతు ప్రాణం సంగతికి లేకపోవడమేమిటి? కొత్త ఏటీఎంలన్నీ మాట్లాడాలని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. వైద్య పరికరాలన్నీ 2020 నుంచి ఔషధాల చట్టం కిందే ఉన్నాయి. ఇంట్లో వాడే బీపీ, షుగర్ మిషన్లకు స్థానిక భాషలో మాట, పెద్ద అంకెలు ఉండాలని, యాప్ లేకుండానే పనిచెయ్యాలని కేంద్రం నిబంధన పెట్టొచ్చు. అది వచ్చేలోగా రాష్ట్ర ప్రభుత్వాలు తాము కొనే మిషన్ల టెండర్లలోనైనా ఈ షరతు రాయొచ్చు.

ప్రస్తుతానికి అమ్మ మిషన్ డబ్బా మీద నేనే ఒక కాగితం అంటించాను: "హెచ్ ఐ వస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యి. ఎల్ ఓ వస్తే ముందు చక్కెర నోట్లో వేసుకో, తర్వాత ఫోన్ చెయ్యి."

— ఓ పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్