ఓజోన్ చిల్లు ఏమైంది టీచర్?

పాఠశాల వార్తాలేఖ, సెప్టెంబర్ 2025

తల్లిదండ్రులకు, రోజూ పిల్లల్ని గేటు దాకా తీసుకొచ్చి దింపే తాతయ్యలకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

పరీక్షల టైం టేబుల్, దసరా సెలవుల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మొత్తం వేరే విషయానికి తీసుకున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, తీరిక చూసుకుని చదవండి.

పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లల చేత ‘ఇరవై ఏళ్ల తర్వాత మా ఊరు’ అని వ్యాసం రాయించాం. అన్నీ నేనే కూర్చుని చదివాను. రోడ్లు, ఆసుపత్రి, పెద్ద బస్టాండు రాస్తారనుకున్నాను. కొందరు రాశారు కూడా. కానీ ఒక అమ్మాయి మూడే వాక్యాలు రాసింది. ‘ఇరవై ఏళ్లకు మా ఊరు ఉండదు. సముద్రం తీసుకుపోతుంది. అందుకని దీని గురించి రాయడానికి ఇంకేమీ లేదు.’ చక్కటి చేతిరాత, ఒక్క కొట్టివేత కూడా లేదు. ఆ పేజీ చూశాక నాకు చాలాసేపు వేరే పని చేతికి రాలేదు.

ఆ అమ్మాయిని పిలిచి ‘అలా ఏం జరగదులే, భయపడకు’ అనడం తేలిక. కానీ మన శ్రీకాకుళం జిల్లా పిల్లలతో ఆ మాట ఎలా అంటాం? 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు వీళ్లకు ఆరేళ్లు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోవడం కళ్లతో చూశారు. రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో పడుకున్నారు. కాబట్టి ఈ భయం ఫోన్ చూసి తెచ్చుకున్నది కాదు.

అయితే ఆ భయాన్ని పెంచడంలో మా చెయ్యి కూడా ఉందని మరుసటి రోజు వరండాలో నడుస్తుంటే అర్థమైంది. గోడల మీద మేమే అంటించిన చార్టులు ఉన్నాయి. కరుగుతున్న మంచు, పొట్టలో ప్లాస్టిక్ ఉన్న చేప, బీటలు వారిన చెరువు, పొగ కక్కే గొట్టాలు. ఒక్కో చార్టూ నిజమే చెబుతోంది. కానీ ఎవరో ఎక్కడో ఏదైనా బాగు చేశారని చెప్పే చార్టు ఆ గోడ మొత్తం మీద ఒక్కటీ లేదు. పదేళ్లుగా పర్యావరణం పేరుతో మేము పిల్లలకు నేర్పింది పోయినవాటి లెక్క మాత్రమే. మా వల్ల జరిగిన ఈ పొరపాటును ఒప్పుకుంటున్నాను.

అదే వారంలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నా గదికి వచ్చాడు. ఇంట్లో అటక దులుపుతుంటే వాళ్ల నాన్నగారి పాత సైన్స్ పుస్తకం దొరికిందట. అందులో, చాలా ఎత్తున ఉండి ఎండలోని హానికర కిరణాలను ఆపే ఓజోన్ పొరకు చిల్లు పడిందనీ, దానివల్ల చర్మ క్యాన్సర్లు పెరుగుతాయనీ ఉంది. ‘ఇప్పుడు ఎవరూ దాని మాటే ఎత్తరు. ఆ చిల్లు ఏమైంది టీచర్?’ అని అడిగాడు.

స్టాఫ్‌రూమ్‌లో అందరినీ అడిగాను. మాకందరికీ చిల్లు పడ్డ సంగతి తెలుసు. తర్వాత ఏమైందో గట్టిగా చెప్పగలిగినవాళ్లు ఒకరిద్దరే. ఆ కథ మీరు ఇంట్లో పిల్లలకు చెప్పాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒకప్పుడు ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాలలో సీఎఫ్‌సీ అనే వాయువులు వాడేవారు. వాటికి మంట అంటుకోదు, పీల్చినా విషం కాదు. అంతా వాటిని మెచ్చుకున్నారు. 1974లో మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక హెచ్చరిక చేశారు. ఈ వాయువులు మెల్లగా బాగా పైకి చేరి, అక్కడి ఎండ తీవ్రతకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతాయనీ, ఆ క్లోరిన్ ఓజోన్‌ను నాశనం చేస్తుందనీ చెప్పారు. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువుల దాకా పాడు చేయగలదు. తయారీ కంపెనీలు ఇది ఊహే తప్ప రుజువు లేదన్నాయి. 1985లో అంటార్కిటికాలో పనిచేసే బ్రిటిష్ శాస్త్రవేత్తలు తమ కొలతల్ని బయటపెట్టారు. అక్కడ వసంత కాలం వచ్చేసరికి ఓజోన్ పొర ఏటికేడాది దారుణంగా పలచబడిపోతోంది. దానికే చిల్లు అని పేరు పడింది.

రెండున్నరేళ్లు తిరగకుండానే, 1987 సెప్టెంబర్ 16న కెనడాలోని మాంట్రియల్‌లో, ఈ వాయువుల్ని తగ్గించుకోవాలని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. మనం ఈ నెల 16న అసెంబ్లీలో జరుపుకునే ఓజోన్ దినం ఆ రోజుదే. మన దేశం వెంటనే చేరలేదు. ఆ వాయువుల్ని ఎక్కువగా వాడింది ధనిక దేశాలు, మరి మార్పుకయ్యే ఖర్చు మేమెందుకు మోయాలి అని మనవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1990లో లండన్‌లో మళ్లీ కూర్చుని, పేద దేశాల ఖర్చు కోసం ఒక నిధి పెట్టడానికి ఒప్పుకున్నారు. 1992లో మనం చేరాం. ఇవాళ ప్రపంచంలోని ప్రతి దేశం ఆ ఒప్పందంలో ఉంది. మన ఇళ్లలో ఫ్రిజ్‌లు మాత్రం ఎప్పటిలా నడుస్తూనే ఉన్నాయి. లోపల వాయువు మారిందని మనలో ఎంతమంది గమనించాం?

2023 జనవరిలో ఐక్యరాజ్యసమితి తరఫున శాస్త్రవేత్తలు ఇచ్చిన నివేదిక ప్రకారం, ఓజోన్‌కు హాని చేసే నిషేధిత పదార్థాల్లో దాదాపు 99 శాతం వాడకం ఆగిపోయింది. ఇలాగే కొనసాగితే 2040 నాటికి ప్రపంచంలో చాలా భాగం మీద, 2066 ప్రాంతానికి అంటార్కిటికా మీద ఓజోన్ పొర 1980లో ఉన్న స్థితికి వస్తుంది. ఇంత ఆలస్యం ఎందుకంటే, అప్పుడెప్పుడో వదిలిన ఆ వాయువులు గాలిలో దశాబ్దాల పాటు నిలిచి ఉంటాయి. గాయం మన తాతల కాలంలో మొదలైనా, మానడానికి మన మనవల దాకా పడుతుంది.

ఇదంతా చెబితే ఆ అబ్బాయి వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ‘2066కి నాకు యాభై అయిదేళ్లు టీచర్. అప్పుడు నేను చూడొచ్చు’ అన్నాడు. భవిష్యత్తులో తాను చూడబోయే ఒక మంచి విషయం గురించి ఒక పిల్లవాడు మాట్లాడితే, ఆ గొంతు ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను.

నాకు కలిగిన ఆలోచన ఇది. చిల్లు పడినప్పుడు ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. మానడం మొదలయ్యాక అంతగా ఎవరూ రాయలేదు. జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతాం, తగ్గాక ఎవరి పనిలో వాళ్లు పడతాం, ఇదీ అంతే. మంచి వార్తలు లేక కాదు, వాటికి గొంతు లేదు. మనమే వెళ్లి వెతికి తెచ్చుకోవాలి.

వెతికేటప్పుడు అబద్ధం చెప్పుకోకూడదు. సీఎఫ్‌సీల బదులు తెచ్చిన కొత్త వాయువులు ఓజోన్‌ను ఏమీ చేయవు కానీ, భూమిని బాగా వేడెక్కిస్తాయని తర్వాత తేలింది. వాటిని తగ్గించడానికి 2016లో రువాండాలోని కిగాలీలో ఇంకో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఆ పని ఇంకా నడుస్తోంది. పిల్లలకు ఈ సగం కూడా చెప్పాం.

మరి మన దగ్గర? ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే గంజాం జిల్లా. అక్కడ రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఈ ఏడాది ఫిబ్రవరిలో 7 లక్షలకు దగ్గరగా ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టాయి. అంతకుముందు ఏడాది, 2024లో, ఆ తీరంలో అవి గుంపులుగా గుడ్లు పెట్టనే లేదు. ఇక ఈసారి పట్టపగలు కూడా వచ్చాయి. అదే కాలంలో, జనవరిలో, చెన్నై తీరానికి వందల కొద్దీ చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి. మన ఒడ్డున కూడా చచ్చిన తాబేళ్లను పిల్లలు చూస్తూనే ఉంటారు. ఈ రెండు వార్తలూ ఒకే సీజన్‌వి, ఒకే సముద్రానివి. రెంటినీ పక్కపక్కనే పెట్టి క్లాసులో మాట్లాడాం. ఒకటి చెప్పి ఇంకొకటి దాచలేదు.

తాబేలుకు మనలాగే ఊపిరితిత్తులు. నీటి పైకి వచ్చి గాలి పీల్చాలి. ట్రాలర్ అనే పెద్ద మరపడవ లాగే వలలో ఇరుక్కుంటే పైకి రాలేక చచ్చిపోతుంది. అందుకు ఉపాయం ఉంది. వల మధ్యలో ఊచల చట్రం ఒకటి పెడితే రొయ్యలు, చేపలు ఊచల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. మన దేశపు వలలకు సరిపోయేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇలాంటి చట్రాన్ని తయారు చేసింది. కొంత చేప కూడా ఆ కంతలోంచి పోతుందని మన చేపల వేటగాళ్లు దీన్ని అంతగా ఇష్టపడరు. వాళ్ల బాధ వాళ్లది. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట బంద్. ఏడు నెలలు! మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేకపోతేనే ఇల్లు గడవడం ఎంత కష్టమో మన స్కూల్లో సగం ఇళ్లకు తెలుసు. తాబేళ్ల సంతోషం చెప్పేటప్పుడు దాని ఖరీదు ఎవరు కట్టారో కూడా చెప్పాలి.

ఇది మాట్లాడుతుండగా ఆరో తరగతి పాప ఒకతె లేచి, వాళ్ల నాన్న వల కోసి తాబేలును వదిలేశాడని చెప్పింది. ఆయన్ని పిలిపించి, పిల్లలతో ఆ సంగతి చెప్పమని అడిగాను. ‘నాకేం తెలుసు మేడం, చదువుకోనోడిని’ అన్నారు. అయినా మరుసటి శనివారం ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. పది నిమిషాలు అనుకున్నది నలభై నిమిషాలు మాట్లాడారు. వలకు ఎంత ఖర్చవుతుందో, కోసిన వలను మళ్లీ అల్లడానికి ఎన్ని రోజులు పట్టిందో చెప్పారు. ఎందుకు కోశారని ఒక పిల్లవాడు అడిగితే, ‘శ్రీకూర్మం దేవుడు కదా బాబూ, ఎలా చంపుతాం?’ అన్నారు. తాబేలు రూపంలో విష్ణువు కొలువైన గుడి మన జిల్లాలోనే ఉందని అందరికీ తెలిసిందే. కానీ ఆ మాట ఆయన నోట విన్నాక క్లాసు అంతా నిశ్శబ్దమైపోయింది. మేం పెట్టిన చార్టులన్నీ ఒక ఎత్తు, ఆ నలభై నిమిషాలు ఒక ఎత్తు.

వ్యాసంలో మూడు వాక్యాలు రాసిన అమ్మాయి కూడా ఆ రోజు ముందు వరసలో కూర్చుంది. ఆమె మనసు మారిపోయిందని నేను రాయను, నాకది తెలియదు. కానీ గుడ్డులోంచి పిల్ల బయటికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. నలభై అయిదు నుంచి అరవై రోజులని చెప్పాం. రాత్రి పూట ఒడ్డున లైట్లు వెలుగుతుంటే తాబేలు పిల్లలు సముద్రం ఎటో తెలియక వెలుగు వైపు పాకుతాయని కూడా చెప్పాం. నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇప్పుడు మీతో పని. ఆఫీసు పక్క గోడకు ‘మంచి కబురు’ అని ఒక బోర్డు పెట్టాం. పాత చార్టులు తీసేయలేదు, వాటికి ఎదురుగానే పెట్టాం. వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డులు ఆ బోర్డు మీదికి ఎక్కవు. ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఇంకా ఏం మిగిలింది, ఈ నాలుగూ రాస్తేనే కబురు ఎక్కుతుంది. దూరదేశాల సంగతులు టీచర్లు చూసుకుంటారు. మన ఊళ్ల సంగతులు మీరే పంపాలి. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్క మీ తోటలో కాపుకొచ్చిందా? పూడిక తీశాక చెరువులో నీళ్లు నిలిచాయా? ఎన్నాళ్లుగానో కనబడని పిట్ట ఏదైనా ఈ మధ్య మీ పెరట్లో వాలిందా? చిన్న కాగితం మీద రాసి పిల్లల చేత పంపండి. రాయడం ఇబ్బందైతే మీరు చెప్పండి, పిల్లలు రాస్తారు. అక్షర దోషాల గురించి టెన్షన్ పడకండి.

పిల్లలతో ఇంట్లో మాట్లాడేటప్పుడు ఒక్క సాయం చేయండి. ‘మా కాలంలో అంతా బాగుండేది, ఇప్పుడు సర్వనాశనం’ అని మనం అలవాటుగా అనేస్తాం. నేనూ అంటాను. పక్కన కూర్చుని వినే పదేళ్ల పిల్లకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆ వ్యాసం చదివాకే నాకు తెలిసింది.

చివరగా, నవంబర్‌లో ఒక శనివారం ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లల్ని తేలినీలాపురం తీసుకెళుతున్నాం. టెక్కలి దగ్గరే అయినా మన పిల్లల్లో చాలామంది చూడలేదు. ఏటా ఈ కాలానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడికి వచ్చి, ఊళ్లో ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. రెట్టల వాసన ఉంటుంది, గోల ఉంటుంది. అయినా ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. తరాలుగా అలాగే జరుగుతోంది. అక్కడి పెద్దవాళ్లతో పిల్లలు కూర్చుని మాట్లాడాలని నా కోరిక. పక్షుల కంటే ముందు ఆ మనుషుల్ని చూపించాలి.

దీంతో పాటు పంపిన అనుమతి పత్రం మీద సంతకం చేసి ఈ నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ట్రిప్‌కు డబ్బులేమీ కట్టనక్కర్లేదు. మధ్యాహ్నం తినడానికి పులిహోరో, పెరుగన్నమో డబ్బాలో పెట్టి పంపండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు. గూళ్ల దగ్గర గట్టిగా అరవకూడదని ఇంట్లో ఒకసారి చెప్పి పంపండి. స్కూల్లో బైనాక్యులర్లు మూడే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఆ ఒక్క రోజుకు ఇవ్వండి, జాగ్రత్తగా వెనక్కి పంపే పూచీ నాది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు