అడాప్టర్ వెనక్కి తిప్పి చూడు

చిన్నా,

కొత్త టీవీలో బొమ్మ మసగ్గా ఉందనీ, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తున్నాయనీ నిన్న అన్నావు. తొందరపడి టీవీని తిరిగి ఇచ్చేయకు, లోపం దానిలో లేదనే నా నమ్మకం. కేబుల్ వాళ్లిచ్చిన అడాప్టర్‌ని దానికి ఏ వైరుతో కలిపావో చూడాలి. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు అడాప్టర్ వెనక్కి తిప్పి చూడు. గోడలోంచి వచ్చే గుండ్రటి కేబుల్ బిగించే మరలు రెండు, పవర్ వైరుకి చోటు, అంతేనా? అయితే అది పాతరకం. డిజిటల్‌గా వచ్చిన సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చి 3వ ఛానల్లోనో 4వ ఛానల్లోనో చూపిస్తుంది. పాత డబ్బా టీవీలున్న ఇళ్ల కోసం చేసిన వస్తువు. అందులోంచి వచ్చే బొమ్మ 480 గీతలదే. ఆ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 480 చుక్కలు; నీ టీవీ తెరలో 1920, 1080. 720ని 480తో, 1920ని 1080తో గుణించి చూడు. రెండోది మొదటిదానికి సరిగ్గా ఆరు రెట్లు. అంటే నీ ఫుల్ హెచ్‌డీ తెర మీద ప్రతి ఆరు చుక్కల్లో అయిదింటిని టీవీ తనంతట తాను ఊహించుకుని నింపుతోంది. మసగ్గా ఉండక ఏం చేస్తుంది!

కేబుల్ వాళ్లకి ఫోన్ చేసి, హెచ్‌డీఎంఐ (బొమ్మనీ శబ్దాన్నీ డిజిటల్‌గానే ఒక్క వైరులో టీవీకి పంపేది) ఉన్న హెచ్‌డీ అడాప్టర్ కావాలని ఆ మాటతోనే అడుగు. ఉత్తినే "అడాప్టర్ మార్చండి" అంటే మళ్లీ అదే రకం చేతిలో పెడతారు. ఒకవేళ నీ దానికే హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే ఇంకా మంచిది, ఆ వైరొకటి తెచ్చుకుంటే చాలు. హెచ్‌డీ ఛానళ్ల బొమ్మ 720పీ, 1080ఐ అనే రకాల్లో ఏదైనా మామూలు వైరు సరిపోతుంది. బంగారు పూత వైర్లతో బొమ్మ మెరుగవుతుందని ఎవరు చెప్పినా నమ్మకు.

గోడ కేబుల్ తిన్నగా టీవీకే పెడితే పోలేదా అని అడిగావు కదా, ఒకప్పుడు కొన్ని ఛానళ్లు అలా వచ్చేవి. 2012 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ, పూర్తిగా డిజిటల్‌కి మారిన కేబుల్ కంపెనీలు ప్రాథమిక ఛానళ్లకి కూడా తాళం వేసుకోవచ్చని అనుమతిచ్చింది. తాళం వేసిన ఛానల్‌ని టీవీ విప్పలేదు, అడాప్టర్ విప్పాలి.

బిగించేటప్పుడు గోడ కేబుల్ మధ్యలో ఉండే రాగి తీగ వంగకుండా చూసుకో. వేళ్లతో గట్టిగా తిప్పితే చాలు. దారిలో రెండు గదులకి పంచే స్ప్లిటర్ ఉందేమో చూడు. దాని దగ్గరే సిగ్నల్ సగానికి పైగా తగ్గిపోతుంది. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంటే నేను ముందు అనుమానించేది దాన్నే. తర్వాత హెచ్‌డీఎంఐ కలిపి, పవర్ పెట్టి, టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ నొక్కి ఆ వైరున్న హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకో. ఇక 3వ ఛానల్‌తో పని లేదు. అడాప్టర్ మీది సీరియల్ నంబరు చెప్పి కంపెనీతో యాక్టివేట్ చేయించుకోవాలి. అది జరుగుతున్నంతసేపూ పవర్ తీయకు, ఇది మాత్రం మర్చిపోకు నాన్నా. తెర మీద హెచ్‌డీసీపీ (బొమ్మని ఎవరూ కాపీ చేయకుండా పెట్టిన రక్షణ) అని ఏదైనా వస్తే కంగారుపడకు. రెండూ ఆపి, హెచ్‌డీఎంఐ వైరు తీసి మళ్లీ పెట్టి, ముందు టీవీ, తర్వాత అడాప్టర్ ఆన్ చెయ్యి.

పక్కల నల్ల పట్టీల విషయం. హెచ్‌డీ ఛానల్ పెట్టాక అవి వాటంతటవే పోవాలి. వెడల్పు తక్కువ తెరల కోసం తీసిన పాత కార్యక్రమాలకి ఉంటే ఉండనీ. సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు, నాకది అస్సలు నచ్చదు.

టీవీని గోడ మీంచి దించాల్సొస్తే ఒక్కడివే ఎత్తకు, ఎవరినైనా సాయానికి పిలువు. ముందు ఆ అడాప్టర్ వెనక భాగం ఫోటో తీసి పంపు, ఏ రకమో చూసి చెప్తాను.

ప్రేమతో,
అమ్మ