సెస్సు కడుతున్నాం, మా బస్తీ పిల్లలున్న కథలేవి?

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబర్ వచ్చిందంటే మన పత్రికల్లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన గురించి పేజీలకు పేజీలు వస్తాయి, జనం ఎంతమంది వచ్చారు, ఏ రచయిత ఏం మాట్లాడారు అని. మంచిదే. కానీ ఆరేడేళ్ల పిల్లలకి తెలుగులో కథల పుస్తకాలు కొందామని స్టాళ్లన్నీ తిరిగినవాళ్లు ఆ కథల్లో హీరో ఎవరో ఎప్పుడైనా చూశారా? రాజకుమారుడు, తెనాలి రామలింగడు, తెలివైన కుందేలు, ఊళ్లో తాతయ్య దగ్గరికి సెలవులకి వెళ్లే బాబు. ఇక ముస్లిం పాత్ర కావాలంటే అక్బర్ చక్రవర్తి ఒక్కడే, ఆయన కూడా ప్రతి కథలో బీర్బల్ చేతిలో ఓడిపోవడానికే!

మా బస్తీలో కొందరం కలిసి ఆదివారాలు పిల్లల చేత కథలు చదివిస్తుంటాం. బళ్లో తెలుగు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆటో డ్రైవర్ కూతురు వస్తుంది, దేవరకొండ వైపు తండాల నుంచి పనికోసం వచ్చినవాళ్ల పిల్లలు వస్తారు, చెవికి మిషన్ పెట్టుకునే ఒక బాబు వస్తాడు, వాడి అల్లరి భరించలేం. వీళ్లెవరూ మా దగ్గరున్న పుస్తకాల్లో లేరు. కోఠిలో ఒక షాపులో, ముస్లిం అమ్మాయి ముఖ్యపాత్రగా ఉన్న కథలేమైనా ఉన్నాయా అని అడిగితే, షాపాయన పాపం మర్యాదగానే మతగ్రంథాల ర్యాక్ చూపించాడు, తర్వాత "నీతికథల సెట్టుంది మేడమ్, డిస్కౌంట్ ఇస్తా" అన్నాడు.

పిల్లల కథల్లో కులం, మతం ఎందుకండీ, కథ కథే కదా అనేవాళ్లు ఉంటారు, నాతో చాలామంది అన్నారు కూడా. మరైతే పేర్లన్నీ ఎప్పుడూ ఒకే రకం ఇళ్లవి ఎందుకుంటాయి? పండగ రోజు పులిహోర, పాయసమే తప్ప ఎండుచేపల పులుసు, బోటీ ఏ వంటింట్లోనూ ఉడకవెందుకు? మా పిల్లల్లో సగం మంది రేకుల గదిలో ఉంటారు, కథలో ఇంటికి మాత్రం పెద్ద వాకిలి, పెరట్లో బావి. "గిట్లెందుకు చేసినవ్‌రా" అనే అమ్మ పుస్తకంలో కనబడితే పిల్లలు ఎంత పడీపడీ నవ్వుతారో ఒకసారి చదివి వినిపించండి, మీకే తెలుస్తుంది.

అలాగని జాలి కథలు కూడా వద్దు. నడవలేని పిల్లాడు కనబడ్డాడంటే వాడు చివరికి బంగారు పతకమన్నా గెలవాలి, లేదా వాణ్ని చూసి మిగతావాళ్లు బుద్ధి తెచ్చుకోవాలి. ముస్లిం పిల్ల ఉంటే చివరి పేజీలో మతసామరస్యం తప్పదు. ఆ పిల్లకి తప్పిపోయిన మేకపిల్లని వెతుక్కునే పని చాలదా? చక్రాల కుర్చీ పిల్లాడు మామిడికాయలు దొంగిలించి దొరికిపోకూడదా?

అసలు అలాంటి పుస్తకాలే లేవని అనను. మన హైదరాబాద్‌లోనే ఉన్న అన్వేషి సంస్థ దళిత, ముస్లిం, వెనుకబడిన కులాల ఇళ్లలో పెరిగే పిల్లల కథలతో తెలుగు, మలయాళం, ఇంగ్లిష్ మూడింటిలో ఒక సిరీస్ తయారు చేసింది, 2008లో కేరళ డీసీ బుక్స్ వేసింది. ఇన్నేళ్లయినా దాని పేరు విన్న టీచరు నాకు తగల్లేదు. తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు తక్కువ ధరకి ఎన్నో పిల్లల పుస్తకాలు వేస్తున్నారు, చెన్నై తూలికా వాళ్లవి ఇంగ్లిష్‌తో పాటు తెలుగు కూడా ఉండే ద్విభాషా పుస్తకాలున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది, అందులో తెలుగు కథలు ఉచితంగా దింపుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, ఇంకో భాషలోకి మార్చుకోవచ్చు కూడా. కానీ ఇవన్నీ ఎవరో తెలిసినవాళ్లు చెబితేనే తెలుస్తాయి. కూలికి పోయే తల్లికి ఎవరు చెప్తారు?

ఇక్కడే నాకు గ్రంథాలయాల మీద కోపం వస్తుంది. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున లైబ్రరీ సెస్సు కడుతున్నాం, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం అది పుస్తకాలకీ, వాటిని చదివేవాళ్లకీ ఖర్చు కావాల్సిన డబ్బు. మాకు దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాళ్లతో కుర్చీలన్నీ నిండిపోయి ఉంటాయి, వాళ్లని తప్పు పట్టను, వాళ్లకీ ఇంకో చోటు లేదు. బాలల బీరువాకి మాత్రం తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవు. తీరా తెరిపిస్తే అన్నీ "బాలసాహిత్యం" అని ఒకటే కుప్ప, ఏ వయసుకి ఏది, ఏ కథ దేని గురించి అన్న వివరం ఒక్క ముక్క లేదు.

గ్రంథాలయ సంస్థ వాళ్లు పుస్తకాలు కొనేటప్పుడు టెండర్‌లో ఎవరు తక్కువకి కోట్ చేశారన్నది కాకుండా, పిల్లలతో రోజూ కూర్చునే ఇద్దరు ముగ్గురు టీచర్లనీ అంగన్‌వాడీ వాళ్లనీ పిలిచి అడగాలి. ఉచితంగా దొరికే కథలు కొన్ని ప్రింటు తీయించి బస్తీ శాఖలకి పంపడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు, పాతబస్తీకైతే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఉర్దూ పెట్టొచ్చు. ఎవరి కథ ఏ పుస్తకంలో ఉందో ఒక జాబితా రాసి గోడకి అంటిస్తే నాలాంటివాళ్లకి సగం తిరుగుడు తప్పుతుంది. మీ పత్రిక కూడా ఆదివారం పిల్లల పేజీలో వారానికొక పుస్తకం ఇలాంటిది పరిచయం చేస్తే, ధర, ఎక్కడ దొరుకుతుంది అన్నవి తప్పకుండా వేయండి, చాలాసార్లు అవే ఉండవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సీతాఫల్‌మండి, హైదరాబాద్