ఎఫ్ఎంలో మన ఊరి ఆటలకూ కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి,

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ టీ అంగట్లో నిలబడ్డా, ఏ ఆటో ఎక్కినా ఎఫ్ఎం మోగుతూనే ఉంటుంది. ఐపీఎల్ రోజుల్లో అయితే స్కోరు అడగకుండానే చెవిన పడుతుంది. మన పిల్లలు ఆడే ఖోఖో, హ్యాండ్‌బాల్, బాల్ బ్యాడ్మింటన్ మాట మాత్రం ఆగస్టు 29న, క్రీడా దినోత్సవం పేరు మీద ఎవరికైనా గుర్తొస్తే తప్ప వినబడదు. గుర్తొచ్చినప్పుడు కూడా ఆ ముచ్చట ఎట్లా ముగుస్తుందో ఈమధ్య నాకు అనుభవమైంది.

బాల్ బ్యాడ్మింటన్ గురించి లైవ్‌లో మాట్లాడమని ఇక్కడి ఒక స్టేషన్ వాళ్ళు పిలిచారు. పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి, గ్రౌండులో అరిచి అరిచి గొంతు అరగదీసుకున్నవాణ్ణి, మైకంటే నాకు టెన్షన్ లేదు. అరగంట అన్నారు. తీరా కూర్చున్నాక నగల షాపు ప్రకటనలు, పాటలు, ట్రాఫిక్ కబుర్లు పోగా నాకు మిగిలింది తిప్పికొడితే ఏడెనిమిది నిమిషాలు. ఆర్జే అమ్మాయి చురుకైనదే, మర్యాద తెలిసినదే. పాపం, ఎవరూ తనకి ముందుగా ఏమీ చెప్పినట్టు లేదు. "ఈరోజు మనతో షటిల్ కోచ్ గారున్నారు" అని మొదలుపెట్టింది. షటిల్ కాదమ్మా, ఇది ఉన్ని బంతితో ఆడే ఆట, జట్టుకు ఐదుగురు, గేముకి 35 పాయింట్లు అని చెబుతున్నానో లేదో, "మీ ఫేవరెట్ క్రికెటర్ ఎవరు సార్?" అంది.

ఒక్క పని మాత్రం భలే చేసింది. నా సంచిలోంచి రాకెట్ తొంగిచూస్తుంటే, మైకు దగ్గర బంతి కొట్టి వినిపించమంది. కొట్టాను. రోజూ వినే చప్పుడే, హెడ్‌ఫోన్లో మెత్తగా, బరువుగా 'టప్'మని వినబడితే నాకే కొత్తగా అనిపించింది. అంతసేపూ నా మాటలకు రాని ఫోన్లు ఆ చప్పుడుకు వచ్చాయి. పుత్తూరు నుంచి ఒక పెద్దాయన, తాము హైస్కూలు వెనక ఆడేవాళ్ళమనీ, వానకు బంతి తడిస్తే పొయ్యి పక్కన ఆరబెట్టుకునేవాళ్ళమనీ చెప్పాడు. పాకాల నుంచి ఒకమ్మ సూటిగా అడిగింది: "మా పాప ఆడతానంటా ఉంది సార్. ఆడితే ఏమొస్తాది?"

తల్లిదండ్రులందరి మనసులో ఉండే ప్రశ్నే అది. జవాబు నా దగ్గర ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్పోర్ట్స్ కోటా కింద గుర్తించిన ఆటల్లో బాల్ బ్యాడ్మింటన్ ఉంది. ఈ ఆట మీదే రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళున్నారు. మన తెలుగువాడు, వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య గారికి ఈ ఆటలో 1970లోనే అర్జున అవార్డు వచ్చింది. ఇందులో సగం నా నోట్లో ఉండగానే పాట అందుకుంది. బంతులు ఎక్కడ దొరుకుతాయి, ఏ గ్రౌండులో ఎన్నింటికి నేర్పిస్తారు అన్నది చెప్పనే లేదు. అసలు నేను వెళ్ళిందే అది చెప్పడానికి.

ప్రకటనలు లేకుండా ప్రైవేటు ఎఫ్ఎం నడవదు, ఆ సంగతి నాకూ తెలుసు. అరగంటలు అక్కర్లేదు. శాలువా కప్పి పంపించినట్టు ఏడాదికొకసారి గెస్టుగా పిలిచే బదులు, వారానికి పది నిమిషాలివ్వండి. కానీ ప్రతివారం, ఒకే టైముకి. తారకరామ స్టేడియంలో ఈ వారం ఏం జరుగుతోంది, చిత్తూరులో సెలక్షన్లు ఎప్పుడు, ఏ వయసు పిల్లలు రావచ్చు... ఈ మూడు ముక్కలు క్రమం తప్పకుండా చెబితే పాకాల అమ్మకు ఫోన్ చేసే పనే ఉండదు.

ప్రైవేటు స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పకూడదు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. అయితే 2011లో కేంద్రం తెచ్చిన మూడో దశ ఎఫ్ఎం విధానం ఆటల సమాచారాన్ని వార్తల కింద లెక్కకట్టలేదు. పెద్ద మ్యాచ్‌ల లైవ్ కుదరదు గానీ, స్థానిక పోటీలకు లైవ్ కామెంట్రీ ఇచ్చుకునే వెసులుబాటు అందులోనే ఉంది. మన వైపు దాన్ని ఎవరైనా వాడుకోగా నేనైతే వినలేదు. ఆకాశవాణికి ఆ అడ్డంకి కూడా లేదు. మండల స్థాయి స్కూల్ గేమ్స్ ఫైనల్ ఒక్కటి రేడియోలో వస్తే, ఆడే పిల్లల ఊళ్ళన్నీ చెవులు రిక్కించి వింటాయి. బంతి మనవైపు వచ్చిందంటే, కింద పడకుండా ఒకే దెబ్బకు నెట్ దాటించాల్సిన ఆట మా బాల్ బ్యాడ్మింటన్. కామెంట్రీకి ఊపిరి సలపదు.

మా క్రీడా సంఘాల పెద్దలకూ ఒక మాట చెప్పాలి. లైవ్‌లో అవకాశం వస్తే గౌరవాధ్యక్షుల నుంచి కోశాధికారి దాకా పేర్లు చదివించుకోవడం మానండి. వినేవాళ్ళకు కావలసింది గ్రౌండు పేరు, టైము, ఫోన్ చేస్తే ఎత్తే ఒక మనిషి. స్టేషన్‌కు ముందురోజే ఒక కాగితం మీద ఆట గురించి నాలుగు ముక్కలు రాసి పంపితే షటిల్ గొడవా ఉండదు.

ఈ ఏడాది స్కూల్ గేమ్స్ మొదలయ్యేలోపు స్టేషన్ల వాళ్ళు, జిల్లా క్రీడాధికారులు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే చాలు. కామెంట్రీ చెప్పేవాళ్ళకు కరువేం లేదు. రిటైరైన పీఈటీలం చాలామందిమి ఉన్నాం. డబ్బులు కూడా అడగం. కాకపోతే ఒకసారి మైకు చేతికొస్తే మమ్మల్ని ఆపడమే కష్టం.

ఇట్లు
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తిరుపతి